పది బై పది గదిలో పాట: బరంపురం, పర్లాకిమిడి వైపు ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్లకు

ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో పాట కట్టేవాళ్లకు కొదవ లేదు. భజన బృందంలో హార్మోనియం వాయించేవాళ్లు, కాలేజీలో గిటారు పట్టినవాళ్లు, పెళ్లిళ్లకు కీబోర్డు మోసుకెళ్లేవాళ్లు ప్రతి వీధిలోనూ కనబడతారు. వాళ్ల ఫోన్లు చూస్తే సగం సగం పాటలు ఇరవై ముప్పై ఉంటాయి, పూర్తయినవి రెండో మూడో. మంచి మైకు లేక ఆగిపోయాయని చెబుతారు. చాలావరకు కారణం అది కాదు. మాటల లెక్క, శ్రుతి, వేగం తేలకుండానే మైకు ముందు కూర్చుంటారు, నాలుగో టేకుకి ఓపిక అయిపోతుంది. అందుకే ఇక్కడ ముందు పాట సంగతి, తర్వాత గది సంగతి, ఆ తర్వాతే మైకు.

బాణీని పట్టుకోవడం

బాణీ తట్టగానే ఫోను తీసి కూనిరాగం తీసి వదిలేస్తే వారం తర్వాత అది ఎందుకూ పనికిరాదు. ఏ శ్రుతో తెలియదు, ఏ వేగమో తెలియదు, పైగా 'రికార్డింగ్ 47' అన్న పేరుతో ఎక్కడో పడి ఉంటుంది. రెండు నిమిషాల పని చాలు. రికార్డింగ్ మొదలవగానే నోటితో తేదీ చెప్పండి, శ్రుతి చెప్పండి, పల్లవో చరణమో చెప్పండి. తర్వాత తొడ మీద నాలుగు దెబ్బలు వేసి, ఆ తాళం ఆపకుండా పాడండి. తాళం వినబడుతుంటే ఎప్పుడైనా ట్యాప్ టెంపో యాప్‌లో వేలితో కొట్టి బీపీఎం, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో, తేల్చుకోవచ్చు. ఆపిన వెంటనే ఫైలుకి పేరు పెట్టండి: '2025-07-12 ఏరు పల్లవి 2శ్రుతి 92'. సంవత్సరం ముందు రాస్తే ఫైళ్లు వాటంతటవే వరుసలో నిలబడతాయి.

భజన వాళ్లు శ్రుతి నెంబర్లలో మాట్లాడతారు, గిటారు వాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో. ఒకసారి గోడకు రాసి అంటించుకుంటే గొడవ ఉండదు: ఒకటి సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ, ఆరున్నర ఎ షార్ప్, ఏడు బి. మూడున్నర లేదు, మూడు తర్వాత నేరుగా నాలుగే.

రాత్రిపూట ఇంట్లోవాళ్లు లేస్తారని లోగొంతుతో కట్టిన పాట, గొంతు విప్పి పాడేసరికి వేరే శ్రుతి అడుగుతుంది. అందుకని పాటలో అన్నిటికన్నా పైకి వెళ్లే వరుస ఏదో చూసి, పగటిపూట, పూర్తి గొంతుతో వరసగా ఐదుసార్లు పాడండి. ఐదోసారి గొంతు పట్టేస్తే అర శ్రుతి దించండి. మగవాళ్లకు చాలామందికి ఒకటి నుంచి రెండు, ఆడవాళ్లకు ఐదు నుంచి ఆరు సుఖంగా ఉంటాయి. పక్కింటాయన రెండున్నరలో పాడతాడని మీరూ రెండున్నరలో పాడనక్కర్లేదు.

మాత్రల లెక్క, ఒడియా లిపి చిక్కు

పాట ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చూద్దాం. రెండు వరుసల పల్లవి తీసుకుందాం:

మహేంద్రతనయా మా ఊరి ఏరు
వానలు పడితే వదలదు హోరు

హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, సున్నా ఉన్న అక్షరానికీ ఒత్తక్షరం ముందున్న అక్షరానికీ రెండు. మొదటి వరుస: మ-హేం-ద్ర 1+2+1, త-న-యా 1+1+2, మా-ఊ 2+2, రి-ఏ-రు 1+2+1. నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు, మొత్తం 16. రెండో వరుస: వా-న-లు 2+1+1, ప-డి-తే 1+1+2, వ-ద-ల-దు 4, హో-రు 2+1. మొత్తం 15. ఒకటి తక్కువ. ఫర్వాలేదు, ఎందుకంటే తక్కువైంది వరుస చివర. 'హోరు'లో రు కాస్త సాగుతుంది, పాడేవాళ్లు అక్కడే ఊపిరి తీసుకుంటారు. అదే 'వాన పడితే' అని రాసి ఉంటే తొలి ఎనిమిది మాత్రల చోట ఏడే ఉంటాయి. అప్పుడు పాడేవాళ్లు 'వానా పడితే' అని సాగదీస్తారు, లేదా తర్వాతి దెబ్బకు ముందే దూకుతారు. వందసార్లు టేకు తీసినా ఆ చోట కుదరదు, తప్పు గొంతుది కాదు కాబట్టి. ఏదైనా వరుస పదే పదే తాళం తప్పుతుంటే ముందు కాగితం మీద లెక్కపెట్టండి.

దెబ్బకు రెండు మాత్రలు అనుకుంటే 16 మాత్రలు ఎనిమిది దెబ్బలు, అంటే ఒక వరుసకు ఆది తాళం ఒక ఆవర్తం. 92 బీపీఎంలో ఒక వరుసకు 5 సెకన్ల పైచిలుకు పడుతుంది. పల్లవి రెండుసార్లు, రెండు చరణాలు, మధ్య సంగీతం కలిపి పాట నిడివి ఎంతో మైకు పెట్టకముందే ఇలా తేలిపోతుంది.

ఇక మన జిల్లాలకే ప్రత్యేకమైన చిక్కు. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఒడియా చదివిన పిల్లలు, అక్కచెల్లెళ్లు పాట కాగితాన్ని ఒడియా లిపిలో రాసుకుంటారు. అందులో తప్పేం లేదు, కానీ ఒడియా లిపికి ఎ-ఏ తేడా లేదు, ఒ-ఓ తేడా లేదు. ఇ-ఈ, ఉ-ఊ తేడా రాతలో ఉన్నా పలుకులో ఉండదు. వ-కు బ-కు మామూలుగా ఒకే అక్షరం రాస్తారు. ఆ కాగితం చూసి పాడితే మన పల్లవి ఏమవుతుందో చూడండి: 'మా ఊరి ఏరు' కాస్తా 'మా ఉరి ఎరు' అవుతుంది, 'వానలు' వెళ్లి 'బానలు' అవుతాయి. అర్థం పోవడం ఒక ఎత్తు, మాత్రలు పోవడం ఇంకో ఎత్తు. 'ఊరి ఏరు' ఆరు మాత్రలు, 'ఉరి ఎరు' నాలుగే. తాళం ఎందుకు తప్పుతోందో ఎవరికీ అంతుపట్టదు.

మందు తేలిక. కాగితం ఒడియాలోనే ఉంచండి, దీర్ఘం ఉన్న ప్రతి అక్షరం మీద ఎర్ర సిరాతో అడ్డగీత పెట్టండి. వ పలకాల్సిన చోట చుట్టూ సున్నా చుట్టండి. తర్వాత పాట రాసినవాళ్లు తాళంతో ఒకసారి చదివి, ఆ చదువును ఫోనులో రికార్డు చేసి పాడేవాళ్లకు పంపాలి. పాడటం కాదు, చదవడం. బాణీ లేకుండా వింటే పొడుగూ పొట్టీ చెవిలో బాగా దిగుతాయి. ఒడియా అలవాటులో 'అ' కాస్త 'ఒ' వైపు గుండ్రంగా వస్తుంది, 'పదము' 'పొదొము'లా వినబడుతుంది. సాగే స్వరాల్లో ఇది ఇంకా తెలుస్తుంది. అలాంటి మాటలు పల్లవి చివర పడితే అక్కడ 'ఆ'తో ముగిసే మాట వేసి చూడండి.

మాట ఏ యాసలోదో మొదటే తేల్చుకోండి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం ఏళ్ల తరబడి వాదించారు. ఆ ఊరి చుట్టుపక్కల పాట కట్టేవాళ్లు 'ఏటి సేస్తావు' అని రాయడానికి మొహమాటపడక్కర్లేదు. చెడేది ఎక్కడంటే, పల్లవిలో 'ఏటి సేస్తావు' అని, చరణంలో 'ఏమి చేసెదవు' అని రాసినప్పుడు. ఒకే పాటలో ఇద్దరు మనుషులు పాడినట్టుంటుంది.

గది

మన ఇళ్లలో గది చాలావరకు పదడుగులు బై పదడుగులు, పైకప్పు కూడా దాదాపు పదడుగులే, సిమెంటు గోడలు, నేల మీద టైల్సో మొజాయికో. రికార్డింగుకి ఇంతకన్నా కష్టమైన ఆకారం లేదు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. పదడుగుల గోడల మధ్య అది 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గర ఒకసారి, 112 హెర్ట్జ్ దగ్గర మరోసారి గట్టిగా నిలబడిపోతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కావడంతో మూడు వైపులా అదే పౌనఃపున్యం పేరుకుంటుంది. రెండు శ్రుతిలో పాడే మగగొంతుకు మంద్ర పంచమం, అంటే కింది స్థాయి 'ప', 110 హెర్ట్జ్. అందుకే ఆ ఒక్క స్వరం దగ్గర గది బుంగలో పాడినట్టు మోగుతుంది. మైకు మార్చినా ఆ మోత పోదు.

112 హెర్ట్జ్ మోత గోడల దగ్గర, గది సరిగ్గా మధ్యలో ఎక్కువ. కాబట్టి మధ్యలో కూర్చోవద్దు, గోడకు ఆనుకుని కూడా కూర్చోవద్దు. రెండు గోడల నుంచీ మూడేసి అడుగుల దూరం తీసుకోండి. ఎత్తు విషయంలోనూ అంతే. నిలబడి పాడితే మైకు ఐదడుగుల ఎత్తులో, అంటే నేలకు కప్పుకు సరిగ్గా మధ్యన పడుతుంది. భజనలో కూర్చున్నట్టు చాప మీద కూర్చుని, మైకును మూడడుగుల కంటే కాస్త తక్కువ ఎత్తులో పెట్టి చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది. చాప కింద బొంత కూడా పరిస్తే టైల్స్ నుంచి తిరిగొచ్చే శబ్దం తగ్గుతుంది.

చప్పట్లు కొడితే 'ట్ర్ర్ర్' అని చిన్న గలగల వినబడుతుందే, అది ఎదురెదురు గోడల మధ్య పరుగెత్తే ప్రతిధ్వని. పాత చీరలతో కుట్టిన బొంతలు దానికి బాగా పనిచేస్తాయి. మూడు బొంతలు చాలు. ఎక్కడ కట్టాలో చాలామంది తారుమారు చేస్తారు: మైకు వెనక కడతారు. ఒక వైపు నుంచే వినే కార్డియాయిడ్ మైకుకు వెనక వైపు చెవుడు, అది చూసేది పాడే మనిషినీ, ఆ మనిషి వెనక గోడనూ. కాబట్టి మొదటి బొంత పాడేవాళ్ల వెనక, మిగతా రెండూ చెరో పక్క. గోడకు అంటించకుండా నాలుగంగుళాలు ఎడంగా తాడు కట్టి వేలాడదీయండి. ఆ ఖాళీ వల్ల బొంత ఇంకా కిందిస్థాయి శబ్దాల్ని కూడా పీల్చుకుంటుంది. దూది పరుపులు ఉంటే మూలల్లో నిలబెట్టండి. కోడిగుడ్ల అట్టలు మాత్రం వద్దు. పలచటి అట్ట శబ్దాన్ని అంతగా పీల్చదు, బయటి చప్పుడును అసలే ఆపదు, బల్లులకు గూళ్లవుతాయి.

ఫ్యాను ఆపాల్సిందే. గుయ్‌మనే మోతను తర్వాత కొంత కోయవచ్చు గానీ, గాలి రెక్కల 'సుయ్' మాటల్లోని స, శ, ష లున్న చోటే ఉంటుంది, దాన్ని తీస్తే మాట కూడా పోతుంది. మే నెలలో గది కుంపటిలా ఉంటుంది కాబట్టి ఇరవై నిమిషాలు పాడి, పది నిమిషాలు తలుపులు తీసి ఫ్యాను వేసుకునేలా వంతులు పెట్టుకోండి.

వేళ కూడా ముందే చూసుకోవాలి. చైత్రంలో గంజాం పల్లెల్లో దండనాట అనే జానపద ఆట డోళ్లు మేష సంక్రాంతి దాకా మోగుతాయి, కార్తీకంలో తెల్లవారకుండానే గుడి మైకు అందుకుంటుంది. రైలు పట్టాల పక్క ఇళ్లకు హారన్లు, నేతగాళ్ల వీధుల్లో పగలంతా మగ్గం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, రాత్రి పది తర్వాత అనువైన వేళలు. రేకుల ఇల్లయితే వానాకాలంలో గొంతు రికార్డింగు పెట్టుకోవద్దు. రేకు మీద చినుకుల మోతను ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు. ఆ నెలల్లో పాటలు రాసుకోండి, మాత్రలు సరిచేసుకోండి, కీబోర్డు భాగాలు వైరు ద్వారా నేరుగా ఎక్కించుకోండి.

మైకు, వైరు, కరెంటు

మొదటి పాటకు ఫోను చాలు, ఒక షరతు మీద. మామూలు వాయిస్ రికార్డరు చిన్న శబ్దాన్ని పెంచుతుంది, పెద్ద శబ్దాన్ని అణచేస్తుంది, ఆగకుండా మోగే శబ్దాన్ని రొద అనుకుని తీసేస్తుంది. తంబురా, హార్మోనియం శ్రుతి ఆగకుండా మోగేవే కాబట్టి అవి మాయమైపోతుంటాయి. వేవ్ (శబ్దాన్ని నలపకుండా దాచే) ఫైలుగా రికార్డు చేసే యాప్ పెట్టుకుని, సెట్టింగులలో నాయిస్ తగ్గింపు, ఆటో గెయిన్ రెండూ ఆపండి. శ్రుతి పెట్టెను గదిలో మోగించకుండా ఇయర్‌ఫోనులో వినండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి.

కొనే స్తోమత ఉంటే ఒకటి రెండు మైకులు పట్టే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె), ఒక డైనమిక్ మైకు, ఒక స్టాండు. చూడగానే కండెన్సర్ మైకు మీద మనసు పోతుంది. బొంతలు కూడా లేని గదిలో అది గడియారం టిక్కు, పక్కింటి కుక్కరు, వీధి కుక్క అన్నీ పట్టుకుంటుంది. డైనమిక్ మైకు నోటికి మూడు నాలుగు అంగుళాల దూరంలో ఉంటే గది తక్కువ వినబడుతుంది. మరీ దగ్గరికి పోతే గొంతు అడుగు ఉబ్బిపోతుంది, అది మైకు తత్వం. నాలుగు వేళ్లు చేర్చి పెడితే వచ్చేంత వెడల్పు కొలతగా పెట్టుకోండి. కండెన్సరే ఉంటే ఇంటర్‌ఫేసు మీద 48 వోల్టుల మీట వేస్తేనే పనిచేస్తుంది. 'మైకు చచ్చిపోయింది' అనుకునే సందర్భాల్లో చాలావరకు ఆ మీట వేయకపోవడమే కారణం.

సౌండ్ సర్వీసు వాళ్ల దగ్గర అడిగి తెచ్చిన మైకుతో ఇంకో చిక్కు వస్తుంది. ఆ వైరుకు ఒక కొసన కానన్ పిన్ను (మూడు పుల్లల ఎక్స్‌ఎల్‌ఆర్), రెండో కొసన పి-38 పిన్ను (గిటారు వైరుకుండే పావంగుళం పిన్ను) ఉంటుంది. పి-38ని ఇంటర్‌ఫేసులో గిటారు రంధ్రంలో పెడితే శబ్దం లోపలికి పోతుంది గానీ చాలా సన్నగా, రొదతో వస్తుంది. రెండు కొసలా కానన్ ఉన్న వైరు తెచ్చుకోండి, మైకు రంధ్రంలోనే పెట్టండి.

'గుం' అని ఆగని మోత వస్తుంటే ముందు ల్యాప్‌టాప్ ఛార్జరు పీకండి. పోతే దోషం కరెంటు దారిలో ఉన్నట్టు, మైకుది కాదు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత 50లోనూ 100లోనూ ఉంటుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద నడుస్తుంటే మోత ఇంకా గరుకుగా ఉంటుంది. గొంతు రికార్డు చేసేటప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడపండి, కానీ బ్యాటరీ సేవర్ ఆపండి, లేకపోతే ప్రాసెసరు నెమ్మదించి శబ్దంలో చిటపటలు వస్తాయి.

సాఫ్ట్‌వేరు గురించి వారాల తరబడి వాదించుకోవద్దు. ఆడాసిటీ ఉచితం. రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూసి, తర్వాత లైసెన్సు కొనుక్కోవచ్చు. ఫోనులోనే చేసేవాళ్లకు బ్యాండ్‌ల్యాబ్ ఉంది. ఏది తీసుకున్నా, ఆ సెట్టింగులుంటే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. బఫర్ (కంప్యూటరు ఒక్కో విడతలో పట్టే శబ్ద నమూనాల సంఖ్య) 128, చిటపటలొస్తే 256. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు. అందులో క్లిక్కు, అంటే వేగం చూపే టిక్ టిక్ చప్పుడు, చెవికి చేరేసరికే ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యానికి తగ్గట్టు పాడిన గొంతంతా వెనకబడుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్లతోనూ ప్రతి కొత్త ట్రాకూ ఒకే మోతాదులో వెనకబడుతుంటే ఇయర్‌ఫోనును మైకు మీద ఆనించి క్లిక్కును రికార్డు చేయండి. పాత క్లిక్కుకూ కొత్త క్లిక్కుకూ మధ్య ఎన్ని మిల్లీసెకన్లు తేడా ఉందో కొలిచి, సెట్టింగులలో లేటెన్సీ కాంపెన్సేషన్ దగ్గర ఆ సంఖ్య ఇవ్వండి. ఒకసారి చేస్తే చాలు.

ఏది ముందు, ఏది తర్వాత

ముందు క్లిక్కు. దాని మీద హార్మోనియమో గిటారో పట్టి, గొంతుతో పాట మొదటి నుంచి చివరిదాకా ఒక గైడ్ ట్రాక్, అంటే మిగతావాళ్లు వింటూ వాయించడానికి ఒక నమూనా. తర్వాత ఢోలక్, తర్వాత అసలు హార్మోనియం, తర్వాత గొంతు, చివర తాళాలు. మనవాళ్లు అందరూ ఒకేసారి కూర్చుని వాయించడానికి అలవాటు పడ్డారు కాబట్టి ఇది మొదట్లో చప్పగా ఉంటుంది. కానీ ఒకే గదిలో ఒకే మైకుకు అందరూ వాయిస్తే కంచు తాళాలు అన్నిటినీ మింగేస్తాయి, తర్వాత వాటిని తగ్గించే దారి ఉండదు.

హార్మోనియంతో మొదలుపెట్టేముందు దాని శ్రుతిని ట్యూనరు యాప్‌తో చూడాలి. పాత హార్మోనియాలు 440 (ఎ స్వరానికి మామూలు కొలత, హెర్ట్జ్‌లో) మీద సరిగ్గా ఉండవు. రీడ్లు ఇంట్లో సరిచేసే పని కాదు, అందుకని మిగతావే దానికి తగ్గాలి. అక్కడ ఒక హెర్ట్జ్ దాదాపు 4 సెంట్లు (అర శ్రుతిలో నూరోవంతు ఒక సెంటు). ట్యూనరులో ఆరో శ్రుతి మీట 16 సెంట్లు ఎక్కువ చూపిస్తే కీబోర్డు మాస్టర్ ట్యూనింగ్ 444 పెట్టండి, గిటారును ఆ 444కే శ్రుతి చేయండి. ఇది వదిలేస్తే ఏం తప్పో తెలియకుండానే పాట మొత్తం పుల్లగా వినబడుతుంది.

ఢోలక్‌కు ఒక్క మైకు, రెండు మూతుల మధ్య పైనుంచి అడుగు దూరంలో, ఎడమ మూతి వైపు కొంచెం వంచి. దగ్గర రెండు మైకులు పెడితే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని గుమికి (ఎడమ మూతి లోతైన మోతకు) పస పోతుంది. తేమ రోజుల్లో తోలు సాగి శ్రుతి జారుతుంది కాబట్టి ప్రతి రెండు టేకులకూ చూసుకోండి. తాళాలకు మైకు నాలుగైదడుగుల దూరంలో ఉండాలి, పక్కకు తిరిగి కొట్టాలి. డప్పును గదిలో రికార్డు చేయొద్దు. పెరట్లో ఆరడుగుల దూరం నుంచి తీసుకుంటే గోడల గోల ఉండదు.

గొంతుకు లెవల్ పెట్టేటప్పుడు పల్లవితో పెట్టకండి. చరణంలో పైస్థాయి వరుస పాడించి, ఆ వరుస మైనస్ 12 నుంచి మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూడండి. గొంతు వేడెక్కాక అందరూ ఇంకా గట్టిగా పాడతారు, ఆ జాగా ఉండాలి. మీటరు సున్నా తాకితే ఆ టేకు పోయినట్టే. క్లిక్కు ఇయర్‌ఫోనులోంచి మైకులోకి కారుతుంటే క్లిక్కు శబ్దం తగ్గించి, ఒక చెవికే పంపండి, ఆ చెవిని గట్టిగా మూసుకోవాలి.

పూర్తిగా మూడు టేకులు. అంతే. నాలుగోదానికి గొంతు అలసిపోతుంది, మాట మీద మనసు పోతుంది. మూడూ విని పాట కాగితం మీద ప్రతి వరుస పక్కన 1, 2, 3 లలో బాగున్నది రాసుకోండి. వరుసల మధ్య ఖాళీల్లో కోసి అతికించండి, అతుకు దగ్గర 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగేలా కలపడం) ఇవ్వండి. ఊపిరి శబ్దాలను పూర్తిగా కోసేయకండి. ఊపిరి తీయకుండా పాడే మనిషి గొంతు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆటోట్యూన్ గట్టిగా పెడితే గమకాలన్నీ మెట్లుగా మారిపోతాయి. మన బాణీల్లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడమే అందం కాబట్టి, తప్పిన ఒకటి రెండు స్వరాలను విడిగా పట్టుకుని సరిచేయడం మేలు.

మిక్సింగ్

ఇక్కడ ఎక్కువ చేయకపోవడమే మంచిది. మగగొంతుకు 80, ఆడగొంతుకు 120 హెర్ట్జ్ కింద కోయండి. బుంగలో పాడినట్టుంటే 250 నుంచి 400 మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. కంప్రెసరు (గట్టి శబ్దాన్ని అణిచేది) 3:1, గట్టి చోట్ల నాలుగైదు డెసిబెల్స్ అణిచేలా. హార్మోనియం, గొంతు ఒకదాని మీదొకటి పడుతుంటే గొంతు పెంచకండి, హార్మోనియానికి 1,000 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య మూడు డెసిబెల్స్ తీయండి. మాట బయటికొస్తుంది. రివర్బ్ (గది మారుమోత) వినబడేదాకా పెంచి, అక్కణ్ణించి సగానికి తగ్గించండి.

వినడం కూడా ఒక పనే. హెడ్‌ఫోనుతో ఒకసారి, ఫోను స్పీకరుతో ఒకసారి, ఆటోలో ఒకసారి, మోనో (రెండు చెవులకూ ఒకటే శబ్దం) చేసి ఒకసారి. ఫోను స్పీకరులో ఢోలక్ గుమి వినబడదు, అది సహజం. మాట వినబడకపోతే మాత్రం గొంతు తక్కువైనట్టు. రాత్రి చేసిన మిక్సును పొద్దున్నే వినకుండా ఎవరికీ పంపకండి. చివరి ఫైలు మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం గట్టితనానికి కొలత) దగ్గర, శిఖరం మైనస్ 1 డెసిబెల్ దాటకుండా ఉంటే యూట్యూబుకి సరిపోతుంది. అంతకన్నా గట్టిగా చేస్తే వాళ్లే తగ్గిస్తారు, మీరు నలిపిన శబ్దం మాత్రం నలిగినట్టే మిగిలిపోతుంది.

వేరే ఊళ్లో ఉన్నవాళ్లతో

రాయగడలో తబలా, బరంపురంలో గొంతు, శ్రీకాకుళంలో కీబోర్డు, ఇలా కలిసి చేసేటప్పుడు మూడు నియమాలు చాలు. ప్రతి ట్రాకూ పాట సున్నా సెకను నుంచే మొదలవ్వాలి, వాయించేది మధ్యలోనే అయినా సరే. అందరూ 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలే పంపాలి. 48లో చేసినదాన్ని ఎవరైనా 44.1గా చదివిస్తే పాట నెమ్మదించి, దాదాపు ఒకటిన్నర స్వరస్థానం కిందికి జారుతుంది. 'మీ హార్మోనియం శ్రుతి తప్పింది' అన్న తగాదాలు కొన్ని ఇక్కడే పుడతాయి. మూడోది, వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, ఆడియోగా పంపితే నలిగిపోతుంది.

సినిమా బాణీకి భక్తి మాటలు పెట్టే అలవాటు మనవైపు చాలా ఉంది. గుడి దగ్గర పాడుకోవడం వేరు, యూట్యూబులో పెట్టడం వేరు. మన చట్టంలో పాట మీద హక్కు రాసినవారి, కట్టినవారి జీవితకాలం తర్వాత ఇంకా 60 ఏళ్లు ఉంటుంది. సొంత బాణీ మాత్రమే నిశ్చింతగా పెట్టుకోగలరు. పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్న జానపదమైతే ఏ ఊరివాళ్లు పాడితే నేర్చుకున్నారో కింద రాయడం మర్యాద.

వస్తువులు, ఫైళ్లు

మన తీరపు గాలికి తేమ ఎక్కువ. మైకును మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మూకుడులో సన్నని సెగ మీద వేయించి మళ్లీ వాడుకోవచ్చు, ఆ మూకుడును మాత్రం వంటకు వాడొద్దు. హార్మోనియం వానాకాలంలో వారానికోసారైనా వాయించాలి, లేకపోతే బెలోసు బిగుసుకుంటుంది.

ఫైళ్లు మూడుచోట్ల ఉంచండి: ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్ లేదా హార్డ్ డిస్క్, ఇంకో కాపీ వేరే ఊళ్లో చుట్టాల దగ్గరో ఆన్‌లైన్‌లోనో. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది. ఒకే ఇంట్లో రెండు కాపీలున్నా ఇల్లు తడిస్తే రెండూ పోతాయి. దసరా ముందే మూడో కాపీ తాజా చేసుకోండి.

ప్రతి పాటకు ఒక ఫోల్డరు, అందులో మిక్సు, విడివిడి ట్రాకులు, గుర్తులతో సహా పాట కాగితం ఫోటో, శ్రుతి, బీపీఎం, హార్మోనియం ట్యూనింగు సంఖ్య, మైకు ఎక్కడ పెట్టారో తెలిసేలా గది ఫోటో ఒకటి. ఆరు నెలల తర్వాత చరణంలో ఒక్క మాట మార్చి పాడాల్సి వస్తే అదే ఎత్తున, అదే దూరంలో కూర్చోకపోతే ఆ ఒక్క మాటా అతుకులా వినబడుతుంది.